వాన నీరు తప్ప

నవంబరు 26, బుధవారం

సోమవారం పొద్దుటి సంగతి ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి. మర్చిపోతానని కాదు. రోజులు గడిచేకొద్దీ వేరేగా గుర్తుంచుకుంటానేమోనని.

నాలుగున్నరకి మెలకువ వచ్చింది. ముఖం కడుక్కుని మోకరించాను. ఎప్పటిలాగే పేరు పేరునా అడిగాను. తమ్ముడు ప్రేమదాసు, వాడి ఇల్లాలు, పిల్లలు. చెల్లెలు లిడియా, లిడియా భర్త జోసఫ్, వాళ్ల పాప. తుఫాను వస్తుందంటున్నారు కనుక చేల కోసం కూడా అడిగాను. మిరప పూత మీద ఉంది. పత్తి రెండో తీత ఇంకా కాలేదు. ఆ రోజు ప్రార్థనకి ఏ ఆటంకమూ లేదు. అది రాయకుండా ఉండలేను. మనసు తేటగా ఉంది.

వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను. మబ్బు పట్టి ఉంది, చినుకు లేదు. ఆరింటికి చెత్త బండి వచ్చింది. మైకులో రోజూ వేసే పాట ఆపేసి తుఫాను సంగతి చెబుతున్నారు. వానకి ముందే కాలువలన్నీ పూడిక తీయిస్తున్నారట, ఎవరూ అందులో ఏమీ వేయవద్దట. నానబెట్టిన పెసలు రుబ్బుకున్నాను. టీ పెట్టాను.

ఆరున్నరకి జోసఫ్ వచ్చాడు. భుజాన పార, చేతిలో ఇనప తట్ట. మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పని అతనిది. ఆ రోజు మా వీధి వాననీటి కాలువ వంతు వచ్చింది. వెనకాలే మేస్త్రి బాషా. జోసఫ్ పని బట్టలతో ఎప్పుడూ లోపలికి రాడు. మెట్టు మీద కూర్చుని గ్లాసు అందుకున్నాడు.

"వదినా, కాస్త కొబ్బరినూనె పొయ్యి. చేతులకి రాసుకుంటే మురికి అంటదు."

"గ్లౌజులు ఇవ్వలేదా?"

"ఇచ్చారుగా. ఫొటో తీశాక మళ్లీ తీసుకున్నారు."

"ఒరేయ్, ఆఫీసు పరువు వీధిలో తియ్యమాక," అన్నాడు బాషా. అని తనూ నవ్వాడు.

"మా అమ్మ రాత్రి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది వదినా. అడిగితే లిడియా వేసిందంటది. లిడియానడిగితే మా అమ్మంటది. ఇద్దరి మధ్యా నేను మంచినీళ్లు తాగి పడుకున్నా."

నాకూ నవ్వు వచ్చింది. పెసరట్టు వేస్తాను ఉండమన్నాను. పని చూసుకుని వచ్చి తింటానన్నాడు, రెండు తీసి ఉంచమన్నాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుని కాలువ దగ్గరికి వెళ్లి వంగాడు. అక్కడే ఆగాడు.

"వాసనేంది వదినా ఇది?"

"ఫినాయిలు. శనివారం వాకిలి కడిగాను."

"ఫినాయిలు ఇట్టా ఉండదే. ముక్కులో గుచ్చుతుంది."

"నీ ముక్కుకి ఇంక సెంటు చల్లాల్రా," అన్నాడు బాషా. "తూము కాడ మొదలుపెట్టు, పో. పదింటికి సారు వస్తాడు."

జోసఫ్ నా వైపు చూశాడు. నేను గ్లాసు కడగడానికి లోపలికి వచ్చేశాను.

తూము మా ఇంటికి దిగువన, నాలుగిళ్ల అవతల, జోసఫ్ వాళ్ల ఇంటి మూల మీదే ఉంది. పైన బండలు కప్పి ఉంటాయి. వాటి కిందకి దూరి పూడిక చేత్తో తీయాలి. ఇసుక, కవర్లు అడ్డం పడి నీరు అక్కడే నిలిచిపోయిందని తర్వాత తెలిసింది. అది పారి వెళ్లిపోతుందనుకున్నాను నేను.

ఎనిమిదిన్నరకి జోసఫ్ తల్లి కొండమ్మత్త కేక వినపడింది. నేను వెళ్లేసరికి అతను కాలువ గట్టున కూర్చుని ఉన్నాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు. ఒళ్లంతా చెమట. నోట్లోంచి సొంగ కారుతోంది. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. నన్ను చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు. ఆటోలో ఇక్కడి ఆసుపత్రికి, అక్కణ్నుంచి అంబులెన్సులో గుంటూరు.

శనివారం సంగతి కూడా రాయాలి. ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. కొత్త పాస్టరుగారు మా గడప తొక్కడం అదే మొదటిసారి. ప్రేమదాసు ఊళ్లో మిరప చేలకి మందు కొడుతుంటాడు. వాడి నీలం డ్రమ్ము మా వాకిట్లో ఉంది. వాసన వస్తోందని కడిగి పెట్టాను. ఆ నీళ్లు కాలువలోకి వెళ్లాయి.

కడిగిన నీళ్లే.

తీసి ఉంచిన పెసరట్లు రెండూ ఇవాళ చూశాను. మూత కింద ఎండిపోయి ఉన్నాయి.


నవంబరు 27, గురువారం

గుంటూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. జోసఫ్‌కి గొంతులో గొట్టం వేశారు. ఊపిరి మిషను పీలుస్తోంది.

పురుగుమందు అన్నారు డాక్టర్లు. మా వైపు ఆ మాట వింటే ఇంకేమీ విననక్కర్లేదు. మిరప పోయినవాడికీ, పత్తి పోయినవాడికీ, ఇంట్లో మాట పడ్డవాడికీ చేతికి అందేది ఆ డబ్బానే. ఒంట్లో ఆ మందు కనపడితే ఎట్లా వచ్చిందని ఎవరూ అడగరు. ఎందుకు తాగాడని అడుగుతారు.

కానిస్టేబులూ అదే అడిగాడు.

"ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయామ్మా?"

"లేవండి," అంది లిడియా.

"తాగుడు?"

"పండక్కీ పబ్బానికీ ఎప్పుడన్నా."

"మరి ఎందుకు చేసినట్టు ఈ పని?"

"ఏమీ చెయ్యలేదు సార్. కాలువ పనిలో ఉండి పడిపోయాడు."

"కాలువలో మురుగుంటది. పురుగుమందు ఎందుకుంటదమ్మా?"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నా ఒళ్లో నీళ్ల సీసా ఉంది. మూత తిప్పి చూసుకున్నాను. గట్టిగానే ఉంది.

ఆయన అటు వెళ్లాడో లేదో కొండమ్మత్త లిడియా మీదికి వచ్చింది.

"ఏమన్నావే నా కొడుకుని? ఆదివారం పొద్దుగూకే వేళ నువ్వు అరుస్తుంటే నేను వినలేదనుకున్నావా?"

"నక్షత్రం కట్టమన్నాను అత్తయ్యా. క్రిస్మస్ నక్షత్రం. అందరిళ్ల మీదా కట్టారు, మనకే లేదని పాప ఏడుస్తోంది. రేపు కడతానన్నాడు. నీకెప్పుడూ రేపేనని అరిచాను."

"వాడసలే మెత్తనోడు. నీ నోటికే ఇట్టా చేశాడు."

"నక్షత్రానికి ఎవరన్నా మందు తాగుతారా!"

వరండాలో జనమంతా మా వైపు చూస్తున్నారు. లిడియా నా వైపు తిరిగింది. "పెద్దక్కా, నువ్వు చెప్పు." అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్లు. అప్పట్నుంచీ ఎవరు ఏమన్నా ఇట్లా నా వైపే తిరుగుతుంది.

ప్రార్థన చేసుకుందాం అన్నాను.

చేసుకున్నాం. కొండమ్మత్త కూడా కళ్లు మూసుకుంది.


నవంబరు 28, శుక్రవారం

స్నానానికని ఇంటికి వచ్చాను. జోసఫ్ ఒంటి మీంచి తీసిన బట్టలు ఆసుపత్రి వాళ్లిచ్చిన సంచిలో నా దగ్గరే ఉన్నాయి. ఉతికి ఆరేశాను.


నవంబరు 29, శనివారం

వాన. బట్టలు ఆరలేదు.


నవంబరు 30, ఆదివారం

తుఫాను పక్కకి పోయింది. వాన మటుకు ఆగకుండా కురిసింది. మా వాకిలి ముందు కాలువ నిండుగా పారింది. ఇప్పుడు అడుగున సిమెంటు కనపడుతోంది. అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. గేటు పట్టుకుని చూస్తూ నిలబడితే అసలేమీ జరగలేదేమో అనిపించింది.

గోడ మీద అక్షరాలు తడికి మెరుస్తున్నాయి. 'వాన నీటి కాలువలోకి వాన నీరు తప్ప మరేదీ వదలరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.' ఆ గోడ మాది. రాసుకుంటామంటే సంతోషంగా ఇచ్చాను. వార్డులో పొదుపు సంఘం లీడరుని నేనే. అక్టోబరులో మున్సిపాలిటీ కాగితం వస్తే మా వరండాలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. సబ్బు నీళ్లు కూడదు, వాడిన నూనె కూడదు, రంగు డబ్బాలు, పురుగుమందు పాత్రలు కడిగిన నీళ్లు కూడదు. మన వైపు ముఖ్యమైనది ఇదేనని ఆ చివరిది రెండుసార్లు చదివాను. ఈ కాలువ ఎక్కడా శుద్ధి కాదు, తిన్నగా వాగులో కలుస్తుంది, అక్కడ గొడ్లు తాగుతాయి అని విడమరిచి చెప్పాను. అందరి చేతా సంతకాలు పెట్టించాను.

ఆ రోజు పొద్దున కొండమ్మత్త గంజి వార్చి కాలువలో పోయడం చూశాను. మీటింగులో ఆమెని లేపి అడిగాను.

"గంజికి కూడా రూలేనా అమ్మాయ్?" అంది.

"గంజైనా అంతే అత్తా."

అందరూ నవ్వారు. ఆమె వేలిముద్ర వేసి కూర్చుంది.

ఇవాళ చర్చిలో ప్రార్థన చీటీ ఇచ్చాను. 'అనారోగ్యంతో ఉన్న సహోదరుడు జోసఫ్ కోసం' అని రాశాను. పాస్టరుగారు 'తొందరపాటుతో అపాయంలో పడిన సహోదరుడు' అని చదివారు. సంఘమంతా ఆమేన్ అంది. బయట చెప్పులేసుకుంటుంటే వెనక ఒకావిడ ఇంకొకావిడతో అంటోంది: "ఆ లిడియా నోరు కాస్త దురుసులే. మొగుడు చూస్తే దేవుడులాంటోడు." నేను వెనక్కి తిరగలేదు.

ఆ శనివారం డ్రమ్ము అడుగున కలిపిన మందు కాస్త మిగిలి ఉంది. బిందెడు ఉండొచ్చు. ఎంత, అటూ ఇటూగా ఒక బిందె. కడిగిన నీళ్లతో కలిసి పోయింది. నీళ్లే ఎక్కువ.


డిసెంబరు 1, సోమవారం

శానిటరీ ఇన్‌స్పెక్టరు త్రినాథ్ గారు వచ్చారు, బాషాని వెంటబెట్టుకుని. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"సువార్తమ్మగారూ, మీరు చదువుకున్నవారు. ఉన్న మాట చెప్పండి. ఆ పొద్దున మనిషి ఎట్టా ఉన్నాడు? దిగులుగా ఏమన్నా?"

"మామూలుగానే ఉన్నాడండీ. తాగాడు, వెళ్లాడు."

"తాగాడా!"

"టీ అండీ."

బాషా కాలువ వైపు చూస్తూ అన్నాడు, "సార్, వాడు వాసనొస్తుందన్నాడు. నేనే దిగమన్నా. అమ్మగారు ఫినాయిలన్నారు."

"ఫినాయిలేనా అమ్మా?"

"ఫినాయిలే."

త్రినాథ్ గారు పుస్తకంలో అదే రాసుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చారు.

"చూడండమ్మా. పనిలో ఉండగా మనిషికి ఏదన్నా అయితే ఆ పోస్టు ఇంట్లోవాళ్లకి ఇప్పించగలను. తనే తాగాడని పోలీసు కాగితం వస్తే నా చేతిలో ఏమీ ఉండదు. మీ చెల్లెలి మొహం చూసైనా కాస్త కనుక్కోండి, పైన ఎవరన్నా కాలువలో ఏదన్నా పోశారేమో. నేనడిగితే చెప్పరు. మీరడిగితే ఆడవాళ్లు చెబుతారు."

అడుగుతానన్నాను.

ఆయన బండెక్కి వెళ్లాక బాషా ఉండిపోయాడు. "దిగమనకుండా ఉంటే బాగుండేదమ్మా. పదేళ్లుగా నా కిందే చేశాడు. వాడు వాసనంటే వాసనే. నేనే ఎగతాళి చేశా." కళ్లు తుడుచుకున్నాడు. టీ ఇచ్చాను. ఆయన తప్పేమీ లేదని నేను ఒక్క మాట అంటే చాలు. అనలేదు. తాగి గ్లాసు బోర్లించి వెళ్లాడు.

రెండు బిందెలు. అంతకన్నా లేదు.


డిసెంబరు 2, మంగళవారం

గుంటూరు. ఈ పూట ఒక డాక్టరమ్మ చాలాసేపు జోసఫ్ దగ్గర నిలబడింది. చేతులూ పొట్టా వీపూ చూసింది. బయటికి వచ్చి లిడియాని పిలిచింది.

"ఇది నోట్లోంచి పోయినట్టు లేదమ్మా నాకు. ఒంటి మీద పడినా చర్మంలోంచి లోపలికి పోతుంది, తడి బట్టలతో గంటలు ఉంటే. కచ్చితంగా చెప్పలేను. ఆ రోజు బట్టలున్నాయా? ల్యాబుకి పంపితే తేలిపోతుంది."

వారం తర్వాత లిడియా ముఖంలో వెలుగు చూశాను.

"ఉన్నాయి మేడమ్! పెద్దక్క దగ్గరున్నాయి. చెప్పాగా మేడమ్, ఆయన తాగలేదు, అందరికీ చెబుతూనే ఉన్నా. పెద్దక్కా, సంచి ఏదీ?"

"ఉతికేశాను," అన్నాను.

లిడియా చెయ్యి అట్లాగే చాచి ఉంచింది.

"ఉతకొద్దని మావాళ్లు చెప్పలేదా?" అంది డాక్టరమ్మ.

చెప్పలేదు. చెప్పి ఉంటే ఉతికేదాన్ని కాదని ఇక్కడ రాయబోయాను. రాయను.


డిసెంబరు 3, బుధవారం

మధ్యాహ్నం ప్రేమదాసు క్యారేజీ తెచ్చాడు. లిడియాకీ కొండమ్మత్తకీ పెట్టాక, రా అక్కా అని నన్ను క్యాంటీను వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు. అయినా అటూ ఇటూ చూశాడు.

"డ్రమ్ము గురించి ఎవరన్నా అడిగారా?"

"లేదు."

"అడిగితే ఖాళీది పెట్టిపోయాడని చెప్పు."

వాడు నేలకేసి చూస్తూ చెప్పుకుపోయాడు.

"బావని ఆటో ఎక్కించి వచ్చాక చూశాను పెద్దక్కా. డ్రమ్ము బోర్లించి ఉంది. నేను పెట్టి పోయినప్పుడు సగం ఉంది దాన్లో. మిరపకి నల్లి పురుగు పడిందని ఘాటుగా కలిపిన మందది. మబ్బేసిందని రైతు మధ్యలో వద్దన్నాడు. ముట్టుకోమాక అక్కా, సోమవారం నేనే చేలో కొట్టేస్తా అని నీకు చెప్పి పోయానుగా?"

"చెప్పావు."

"మరెందుకు..."

"పాస్టరుగారు వస్తున్నారని."

వాడు నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. నలభై అయిదేళ్లవాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఇట్లాగే ముఖం అటు తిప్పేసుకునేవాడు.

"సరే. అయిపోయింది. ఎక్కడా అనమాక. ఇది బయటికొస్తే నన్ను ఏ రైతూ గట్టు ఎక్కనివ్వడు. బావ లేస్తాడులే. లేచాక ఆయనకే చెబుదాం. బూతులు తిడతాడు. తిట్టించుకుందాం."

ఆ మాట పట్టుకుని ఈ పూటంతా ఉన్నాను. జోసఫ్ లేచి నన్ను తిట్టాలి. ప్రభువా, ఇంకేమీ అడగను. పండక్కి వద్దు, చేలకి వద్దు. అతను లేచి కూర్చుని, ఎందుకు అబద్ధం చెప్పావు వదినా అని అడగాలి.


డిసెంబరు 4, గురువారం

తెల్లవారుతుండగా జోసఫ్ పోయాడు.

మోకరించాను. పేర్ల వరస మొదలుపెట్టాను. అతని పేరు దగ్గర ఆగిపోయాను. దాటి వెళ్లలేకపోయాను.


డిసెంబరు 5, శుక్రవారం

పదకొండింటికి తీసుకొచ్చారు. కొండమ్మత్త ఇంటి ముందు పందిరి వేసి అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. పోలీసు కాగితంలో విషం తాగి అని ఉందట. పోస్టుమార్టంలో తీసి పంపినవాటికి ల్యాబు నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుందట.

రెండింటికి సంఘ కార్యదర్శి అనిల్ కుమార్ వచ్చాడు, ఇద్దరు పెద్దలతో. పెట్టె దగ్గర కాసేపు నిలబడి, కొండమ్మత్తని పక్కకి పిలిచాడు.

"పిన్నీ, ఏమీ అనుకోవద్దు. ఇట్టా పోయినవాళ్లని చర్చి లోపలికి తీసుకురావడం మన సంఘంలో లేదు. సమాధుల దొడ్డి గేటు కాడ చిన్న ప్రార్థన చేస్తాం. పాస్టరుగారు కొత్తవారు, ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు."

"ఏడాదేడాదీ ఆ గుడికి సున్నం కొట్టింది వాడేనయ్యా. అక్కడే తాళి కట్టాడు. లోపలికొద్దులే, మెట్ల దాకా రానివ్వండి. మెట్ల మీద ఒక్క పాట పాడి తీసుకుపోతాం."

"నా ఒక్కడి చేతిలో ఉందా పిన్నీ?"

"నీ పెళ్లికి పందిరి గుంజలు పాతింది ఎవరురా?" అంది కొండమ్మత్త. అతను చెప్పులు చూసుకున్నాడు. కాసేపటికి వెళ్లిపోయారు.

లిడియా ఇదంతా విననట్టే కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అద్దం మీద చేయి పెట్టుకుని మెల్లగా అంది:

"పెద్దక్కా, నిజంగానే తాగాడేమో."

"కాదు లిడియా."

"నీకు తెలీదు. చాలా గట్టిగా అరిచాను. అమ్మానాన్నా లేనిదానివని జాలిపడి చేసుకున్నాను నిన్ను అన్నాడు ఒకసారి, అది గుర్తుపెట్టుకుని అన్నాను. నీ బతుకంతా ఆ మురుగే అన్నాను. పొద్దున్నే మాట్లాడకుండా వెళ్లాడు. నీ దగ్గర టీ తాగాడు. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు తాగాడో. నేనే చంపుకున్నాను."

ఇంక కూర్చోలేకపోయాను. ప్రేమదాసునీ కొండమ్మత్తనీ లోపలికి రమ్మన్నాను. లిడియాని చేయి పట్టి లేపాను. తలుపు దగ్గరికి వేశాను.

కాలువలో మందు పోసింది నేను అని చెప్పాను. డ్రమ్ములో సగం. ప్రేమదాసు ముట్టుకోవద్దన్నాడని చెప్పాను. డ్రమ్ము పక్కన నీళ్లు కలపని మందు డబ్బా ఉంది, మూత సరిగా పట్టక కారుతోంది, ఆ లీటరు పైచిలుకూ పోశాను. అది ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో కూడా రాయలేదు. జోసఫ్ వాసనేంటని అడిగితే ఫినాయిలన్నాను. బాషా నిలబడి ఉన్నాడని సిగ్గుపడ్డాను. రూలు చదివినదాన్ని నేనని. బట్టలు తెలిసే ఉతికాను.

ప్రేమదాసు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"నిన్ను అడిగాడా?" అంది లిడియా.

"అడిగాడు."

"ఏంది వాసన అని, నిన్నే అడిగాడా?"

"నన్నే."

కొండమ్మత్త నా మీదికి వస్తుందనుకున్నాను. రావాలనుకున్నాను. ఆమె లిడియా రెండు భుజాలూ పట్టుకుంది.

"తాగలేదంటే! విన్నావా, నా కొడుకు తాగలేదంట. నా తల్లీ, నిన్ను ఎన్ని మాటలన్నానే. వాడు తాగలేదు."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఈ పన్నెండు రోజుల్లో వాళ్లిద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా మీద కోపం తెచ్చుకోవడానికి కూడా అక్కడ ఎవరికీ తీరిక లేదు.

దీపాలు పెట్టే వేళకి నలుగురూ ఒక మాట మీదికి వచ్చారు. నలుగురూ అని ఎందుకు రాశానో. ముగ్గురు.

ప్రేమదాసు పొద్దున్నే త్రినాథ్ గారిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళతాడు. కాలువలో మందు పోసింది తనేనని రాసిస్తాడు. పోసింది నేను, నేనే వెళతానన్నాను.

"నువ్వు నోరు మూసుకో పెద్దక్కా," అన్నాడు. పుట్టి ఎరిగాక వాడు నన్ను ఆ మాట అనలేదు. "నువ్వు పోశావంటే, రూలు చదివిన మనిషే పోసిందని ఊరంతా వింతగా చెప్పుకుంటది. నేను పోశానంటే, ప్రతివాడూ కడిగి పోసేదేగా అని ఊరుకుంటారు. నాలుగు రోజులు లోపల ఉంచుతారు. పని పోతే పోయింది. నిన్ను అక్కడ బల్ల మీద కూచోబెట్టి నేను ఇంట్లో అన్నం తినలేను."

"ఎవరు చెబితే ఏంది?" అంది కొండమ్మత్త. "నా కొడుకు తాగలేదని కాగితం కావాలి. రేపు వాడు గుడిలోకి పోవాలి."

లిడియా తల ఊపింది.

నేను అప్పుడు వద్దనాలి. వీధిలోకి వెళ్లి అరవాలి. వద్దనలేదు. నేను కూడా తల ఊపాను.

అనిల్ కుమార్‌కి ఫోను చేశారు. స్టేషనులో రాసిచ్చిన కాగితం చూపిస్తే చర్చిలోకి తీసుకురావచ్చన్నాడు. పన్నెండింటికి ఆరాధన, తర్వాత సమాధి. నేను చర్చికి రావచ్చు. మట్టి వెయ్యొద్దు పెద్దక్కా అంది లిడియా. గట్టిగా అనలేదు. పాప ఇకనుంచి కొండమ్మత్త దగ్గరే ఉంటుంది, నా దగ్గరికి పంపరు.

పోస్టు సంగతి కూడా మాట్లాడారు. పనిలో పోయినట్టు తేలుతుంది కనుక లిడియాకి ఇప్పిస్తానని త్రినాథ్ గారు ఫోనులో మాటిచ్చారు. ప్రేమదాసు వద్దన్నాడు, మిషను కుట్టుకో, నేను చూసుకుంటానుగా అన్నాడు. నువ్వు ఎక్కడుంటావో నీకే తెలీదు అంది లిడియా. ఆయన పని నేను చేస్తాను అంది. కొండమ్మత్త ఒప్పుకుంది. క్రిస్మస్ వెళ్లాక చేరాలి. జోసఫ్ చూసిన వీధులే లిడియాకీ ఇస్తారట. మా వీధి అందులోనే ఉంది.